పాలపిట్ట ఫోటో, మన షరతులు

ఇప్పుడు మన గూడేల్లో కెమెరా లేని ఇల్లు తక్కువ. దాన్ని ఫోన్ అంటున్నాం, అంతే. మా చిన్నప్పుడు ఫోటో దిగాలంటే వరంగల్ పోయి స్టూడియోలో స్టూలు మీద కూర్చోవాలి. లేదంటే రెండేళ్లకోసారి మేడారం జాతరలో పరదా ముందు నిలబడాలి. ఇప్పుడు పదో తరగతి పిల్లవాడు పొద్దున పశువులు తోలుకుపోతూ అడవిదున్నను ఫోటో తీస్తాడు. మధ్యాహ్నానికి అది హన్మకొండ చేరుతుంది, రాత్రికి హైదరాబాద్ చేరుతుంది. రెండు రోజుల తర్వాత ఎవరి పేరుతోనో, ఏ ఊరి పేరుతోనో తిరిగి మన వాట్సాప్ గ్రూపులోకే వస్తుంది. తీసిన పిల్లవాడు చూసి "ఇది నాదే సార్" అని నవ్వుతాడు. మనమూ నవ్వుతాం.

నవ్వి ఊరుకునే విషయం కాదని చెప్పడానికే ఈ వ్యాసం. అడవిని, జంతువులను కాపాడతామని పనిచేసే సంస్థలు చాలా ఉన్నాయి. వాటికి ఫోటోలు కావాలి. పోస్టరుకు, క్యాలెండరుకు, చందాలు అడిగే కరపత్రానికి, ప్రభుత్వానికి ఇచ్చే నివేదికకు, అన్నిటికీ ఫోటోలే కావాలి. ఆ ఫోటోలు ఇచ్చేవాళ్లలో ఇప్పుడు మన పిల్లలు కూడా ఉన్నారు. అడిగినప్పుడు ఏ మాట మీద ఇవ్వాలి? ఊరికే ఇచ్చినా ఏమేం అడగాలి? మేము లాయర్లం కాదు, బడి పంతుళ్లం. చట్టం చదివి మాకు అర్థమైనంత, కళ్లారా చూసినంత చెబుతాం.

పిట్టను ఇస్తే నాయనను తీసుకున్నరు

మా దగ్గర చదువుకున్న అబ్బాయి ఒకడు తునికాకు కూలి డబ్బులు దాచుకొని పాత కెమెరా ఒకటి కొన్నాడు. పక్షుల పిచ్చి. ఏ పిట్ట ఏ చెట్టు మీద వాలుతుందో వాడికి పుస్తకం చూడకుండానే తెలుసు. ఒక వేసవిలో వాళ్ల చేనులో ఎండు మోడు మీద కూర్చున్న పాలపిట్టను తీశాడు. వానలకు ముందు రోజులు. వెనకాల కాల్చిన నేల నల్లగా ఉంది. దూరంగా వాళ్ల నాయన నాగలి భుజాన వేసుకొని నిలబడి ఉన్నాడు. నల్లటి నేల మీద పాలపిట్ట నీలం రంగు ఎంత బాగా పడిందో! ఆ చేనుకు అటవీ హక్కుల చట్టం కింద పట్టా ఉంది.

ఆ ఫోటో ఒక సంస్థ కంట పడింది. ఫోన్ చేశారు. "ప్రకృతి కోసం పనిచేస్తాం తమ్ముడూ, డబ్బులు ఇవ్వలేం, వాడుకోవచ్చా?" అని మర్యాదగానే అడిగారు. వీడు సంబరంగా వాట్సాప్‌లో "వాడుకోండి సార్" అని పెట్టాడు. ఒప్పందమంతా ఆ రెండు మాటలే.

మూడు నెలల తర్వాత పోస్టరు వచ్చింది. పోడు వల్ల పక్షులు గూడు కోల్పోతున్నాయని పైన పెద్ద అక్షరాలు. కింద సంస్థ పేరు. వాడి పేరు ఎక్కడా లేదు. నాయన ముఖం మాత్రం స్పష్టంగా ఉంది. మన మండలంలోనే ఒక ఆఫీసు గోడకు అది అంటించి ఉంది. నాయనకు చదువు రాదు. తన బొమ్మ గోడకెక్కిందని ముందు సంతోషపడ్డాడు. కింద ఏం రాశారో కొడుకు చదివి చెప్పాల్సి వచ్చింది.

వాడు మా దగ్గరికి వచ్చి ఒకటే మాట అన్నాడు. "నేను పిట్టను ఇచ్చిన సార్. వాళ్లు మా నాయనను తీసుకున్నరు."

ఇంకో సంగతి. ఆ రాత పిట్ట విషయంలోనూ తప్పే. మన రాష్ట్ర పక్షి పాలపిట్ట దట్టమైన అడవి లోపల ఉండే పిట్ట కాదు. బయలు నేలలు, చేల గట్లు, మోడులు, కరెంటు తీగలు దానికి ఇష్టం. ఎత్తు మీద కూర్చొని నేల మీది పురుగులను చూసి దిగి పట్టుకుంటుంది. దసరా నాడు పాలపిట్టను చూడాలంటే జనం ఊరి బయట చేలల్లోకే పోతారు కదా. ఆ మోడు మీద అది ఏడుస్తూ కూర్చోలేదు, వేటకు కూర్చుంది. పోస్టరు రాసినవాళ్లు మన చేను చూడలేదు, పిట్ట సంగతీ తెలుసుకోలేదు. ఫోటో తీసినవాడిని అడిగి ఉంటే రెండూ చెప్పేవాడు.

మేము కలిసి ఉత్తరం రాశాం. జవాబు మర్యాదగానే వచ్చింది. "మీరే వాడుకోమన్నారు కదా, షరతులేమీ చెప్పలేదు కదా" అన్నారు. ఫోన్లలో పంచుకునే కాపీ తీసేశారు. అచ్చు వేసి పంచినవి అలాగే ఉన్నాయి.

ఇక ఇవ్వకుండా ఉంటే సరిపోతుందా

ఆ అబ్బాయి "ఇక ఎవ్వరికీ ఇవ్వను" అన్నాడు. వాడి కోపం న్యాయమైనదే. కానీ ఇవ్వకపోవడం జవాబు కాదని మా అభిప్రాయం.

ఫోటోకు బలం ఉంది. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ అనే ఫోటోగ్రాఫర్ సియెర్రా క్లబ్ అనే ప్రకృతి సంరక్షణ సంఘంలో సభ్యుడు. 1936లో తాను తీసిన కొండల ఫోటోలు పట్టుకొని సంఘం తరఫున వాషింగ్టన్ వెళ్లి నాయకులకు చూపించాడు. 1938లో ఆ ఫోటోలతో పుస్తకం వేశాడు. 1940లో కింగ్స్ కాన్యన్ జాతీయ పార్కు ఏర్పడింది. ఒక మనిషి తీసిన ఫోటోలకు ఆ నిర్ణయంలో భాగం ఉంది. 2005లో ఇలాంటి ఫోటోగ్రాఫర్లు కొందరు కలిసి అంతర్జాతీయ సంఘం ఒకటి పెట్టుకున్నారు. ప్రకృతిని కాపాడే పనికి ఫోటోను పనిముట్టుగా వాడాలన్నది వాళ్ల ఆలోచన.

అదే ఆడమ్స్‌కు బాగా పేరు తెచ్చినవి యోసెమిటి లోయ ఫోటోలు. కొండలు, జలపాతాలు, మంచు, చంద్రుడు. మనుషులు దాదాపు కనిపించరు. చూసినవాళ్లకు అక్కడ ఎప్పుడూ ఎవరూ లేరనిపిస్తుంది. కానీ ఆ లోయలో అహ్వానీచీ అనే ఆదివాసులు ఉండేవారు. 1851లో మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం వాళ్లను తరిమింది. ఖాళీగా కనిపించే అడవి వెనక ఖాళీ చేయించిన చరిత్ర ఉందని ఫోటో దానంతటది చెప్పదు. దాని కింద రాసే నాలుగు వాక్యాలు చెప్పాలి.

ఇది దూరదేశం కథ అనుకోవద్దు. మన దగ్గర పులి మాట వచ్చిన ప్రతిసారీ గూడెం మాట వస్తుంది. 2025 మే నెలలో కవ్వాల్, తడోబా అడవుల మధ్య పులుల దారి కోసం కుమ్రం భీం పేరుతో కన్జర్వేషన్ రిజర్వ్ ప్రకటిస్తూ 49వ నంబరు జీవో వచ్చింది. ఆదివాసులు రోడ్డెక్కాక జూలైలో ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. పులి ఉండాలా మనం ఉండాలా అని అడిగేవాళ్లకు ఒకే ఫ్రేములో పులి అడుగు, మనిషి అడుగు చూపించగలిగేది ఎవరు? అక్కడ పుట్టినవాళ్లే. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో సుడిగాలికి వేల చెట్లు కూలాయి. ఏ చెట్టు ఏదో, దాని కింద ఏ దారి ఉండేదో పేరు పెట్టి చెప్పగలిగేదీ వాళ్లే. కాబట్టి మన ఫోటోలు బయటికి పోవాలి. మాట లేకుండా మాత్రం పోకూడదు.

చట్టం ఏమంటోంది

ప్రకృతి ఫోటోగ్రాఫర్లలో చాలామంది చిన్న సంస్థలకు డబ్బు తీసుకోకుండానే ఫోటోలు ఇస్తారు. అలా ఇచ్చేటప్పుడు ఒక కాగితం మీద షరతులు రాసిస్తారు. డబ్బు తీసుకోవడం వేరు, హక్కు వదులుకోవడం వేరు. మన పిల్లలకు మొదట అర్థం కావాల్సింది ఈ తేడా.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటోకు కర్త దాన్ని తీసిన మనిషి. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, బటన్ నొక్కగానే హక్కు పుడుతుంది. ఖరీదైన కెమెరాకైనా, పగిలిన అద్దం ఉన్న ఫోన్‌కైనా ఒకటే చట్టం. తీసిన మనిషి బతికున్నంత కాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్ల దాకా ఆ హక్కు ఉంటుంది. అంటే ఈ రోజు పిల్లవాడు తీసిన ఫోటో మీద హక్కు వాడి మనవల కాలం దాకా నడవొచ్చు.

రెండు సందర్భాల్లో జాగ్రత్త. ఉద్యోగంలో భాగంగా తీసిన ఫోటో, వేరే ఒప్పందం లేకపోతే యజమానికే చెందుతుంది. అటవీ శాఖలో వాచర్లుగా పనిచేసే మన పిల్లలు డ్యూటీ పనిగా తీసేవి ఈ లెక్కలోకి వస్తాయి. అలాగే ఎవరైనా డబ్బు ఇచ్చి "మా కోసం తియ్యి" అని తీయించుకున్న ఫోటో కూడా, వేరే మాట రాసుకోకపోతే, తీయించుకున్నవాళ్లదే అవుతుంది.

హక్కును రాసివ్వాలంటే సంతకంతో కాగితం ఉండాలని 19వ సెక్షన్ చెబుతుంది. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకు అనుకోవాలి. ఎక్కడెక్కడ అన్నది రాయకపోతే భారతదేశం వరకే అనుకోవాలి. ఇక 57వ సెక్షన్ మనకు పెద్ద అండ. హక్కు మొత్తం అమ్ముకున్నా సరే, ఇది నేను తీసిందే అని చెప్పుకునే హక్కు తీసినవాడికే ఉంటుంది. తన పరువుకు భంగం కలిగేలా ఫోటోను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కూ ఉంటుంది.

ఇంత అండ ఉన్నా ముందే రాసుకోవడం ఎందుకంటే, కోర్టు దూరం, కాగితం దగ్గర. షరతు రాసి ఉంటే ఒక ఉత్తరంతో తేలే విషయం, రాసి లేకపోతే ఏళ్ల తరబడి సాగుతుంది. అమెరికాలో కేరోల్ హైస్మిత్ అనే ఫోటోగ్రాఫర్ వేల ఫోటోలను ప్రజలందరూ ఉచితంగా వాడుకోవాలని అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చింది. తర్వాత తన ఫోటోనే తాను వాడుకున్నందుకు 120 డాలర్లు కట్టాలని ఫోటోలు అమ్మే ఒక కంపెనీ తరఫున ఆమెకే నోటీసు వచ్చింది. 2016లో ఆమె కోర్టుకు పోయింది. కాపీరైట్ కింద ఆమె వేసిన వాదన నిలవలేదు. అందరికీ అని ఇచ్చేస్తే, అమ్ముకునేవాళ్లు కూడా ఆ అందరిలో ఉంటారు.

క్రియేటివ్ కామన్స్ అనే లైసెన్సుల గురించి కూడా మన పిల్లలు వింటుంటారు. మంచి ఏర్పాటే. తెలుగు వికీపీడియాలో మన ఊళ్ల ఫోటోలు ఉండాలంటే అలాంటి లైసెన్సే కావాలి. అయితే వికీపీడియాకు సరిపోయే లైసెన్సు ఇస్తే వ్యాపారానికి వాడుకోవడానికి కూడా ఒప్పుకున్నట్టే. ఇచ్చాక వెనక్కి తీసుకోలేం. చెరువు ఫోటోకు, గుడి ఫోటోకు అది బాగుంటుంది. మనిషి ముఖం ఉన్న ఫోటోకు, గూడు ఉన్న ఫోటోకు పదిసార్లు ఆలోచించాలి.

మేము రాసుకున్న కాగితం

ఆ అబ్బాయితో కూర్చొని ఒక కాగితం తయారు చేశాం. ఒక్కొక్క షరతు ఎందుకు పెట్టామో చెబుతాం. నచ్చినవి మీరూ తీసుకోండి.

మొదటిది పేరు. ఫోటో కిందనే తీసినవారి పేరు ఉండాలి. చివరి పేజీలో సన్న అక్షరాల్లో కాదు. పేరుతో పాటు ఊరి పేరు వేయాలా వద్దా అన్నది తీసినవారి ఇష్టం.

రెండోది పని. ఏ పనికి అడిగారో ఆ పనికే వాడాలి. క్యాలెండరుకు అడిగితే క్యాలెండరుకే. రేపు నివేదికలో వేయాలంటే మళ్లీ అడగాలి. ఇంకో సంస్థకు, పత్రికకు, కంపెనీకి వాళ్లంతట వాళ్లు ఇవ్వకూడదు. మనం ఒక ఇంటికి అప్పిచ్చిన గునపం ఊరంతా తిరిగితే ఒప్పుకోం కదా.

మూడోది డబ్బు. నలుగురు కుర్రాళ్లు నడుపుకునే సంస్థకు ఉచితం. జీతాలిచ్చే ఉద్యోగులు, అచ్చుకు బడ్జెట్ ఉన్న సంస్థ అయితే ఫోటోకు కూడా ఎంతోకొంత ఇవ్వాలి. ప్రింటరుకు ఇస్తారు, డిజైనరుకు ఇస్తారు, ఫోటో దగ్గరికి వచ్చేసరికి "ప్రకృతి కోసం" అంటారు. ఫోటోను అమ్మి లాభం చేసుకుంటే అందులో వాటా మాట్లాడుకోవాలి.

నాలుగోది మార్పులు. రంగు కొంచెం సరిచేసుకోవచ్చు. అర్థం మారేలా కత్తిరించకూడదు. పిట్ట పక్కన ఉన్న మనిషిని తీసేయడం అర్థం మార్చడమే. లేని గొడ్డలిని చేతిలో పెట్టడం, లేని పులిని చేనులో పెట్టడం ఇప్పుడు కృత్రిమ మేధతో నిమిషంలో పని. అలా చేయకూడదని రాసే ఇవ్వాలి.

అయిదోది చోటు. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోటోలోనే ఆ స్థలం అంకెలు దాగి ఉంటాయి. అలుగు బొరియ, గద్ద గూడు, పులి నీళ్లు తాగే మడుగు ఎక్కడున్నాయో ఆ అంకెలు చెప్పేస్తాయి. ఉచ్చులు పెట్టేవాడికి, కరెంటు తీగలు పరిచేవాడికి అంతకన్నా ఏం కావాలి? తీసినవారు ఆ అంకెలు తీసేసి ఇవ్వాలి. సంస్థ కూడా జిల్లా పేరు దాటి వివరం వేయకూడదు. గూట్లో పిల్లలున్న పక్షిని దగ్గరికి పోయి తీసిన ఫోటోను అసలు ఇవ్వకపోవడమే మేలు. తల్లి బెదిరి పోతే గూడు పాడవుతుంది.

ఆరోది రాత. మాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఫోటో కింద ఏం రాస్తారో అచ్చుకు ముందు తెలుగులో రాసి పంపాలి. తీసినవారు సరే అన్నాకే వేయాలి. ఆ ఫోటోను పోడుకు, గూడేలకు, అటవీ హక్కుల పట్టాలకు వ్యతిరేకంగా వాడకూడదు. అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ అడవిని, వన్యప్రాణులను, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం మన గ్రామసభలకే ఇచ్చింది. కాపాడేవాళ్లని చట్టం అన్నవాళ్లను నాశనం చేసేవాళ్లని పోస్టరు అంటే ఊరుకోలేం.

ఏడోది మనుషులు. ఫోటోలో ముఖం గుర్తుపట్టేలా ఉంటే ఆ మనిషిని విడిగా అడగాలి. తీసినవాడు ఒప్పుకుంటే సరిపోదు. అబ్బాయి వాళ్ల నాయనను కూర్చోబెట్టి ఈ షరతు చదివి వినిపించాం. ఆయన విని, "నా మొకం వేసుకుంటే వేసుకోమనుండ్రి. నా పేరు గూడ వెయ్యాలె. ఈ చేను నాది అని గూడ రాయాలె" అన్నాడు. ఆ మాటను కాగితంలో చేర్చాం.

మనిషి పేరు వదిలేయడం పాత జబ్బు. 1936లో డొరొతియా లాంగ్ అనే ఫోటోగ్రాఫర్ కాలిఫోర్నియాలో వలస కూలీ తల్లి ఫోటో తీసింది. లాంగ్ ప్రభుత్వ ఉద్యోగంలో భాగంగా తీసినందున ఆ ఫోటో అందరిదీ అయింది. ప్రపంచమంతా తిరిగింది. ఆ తల్లి పేరు లోకానికి తెలిసింది 1978లో. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్. ఆమె చెరోకీ ఆదివాసి. ఆ ఫోటోతో తనకు ఒక్క పైసా రాలేదని ఆమె బాధపడింది.

మన దగ్గరా ఉంది ఇలాంటి లెక్క. 1940ల్లో హైమన్‌డార్ఫ్ మన చెంచులను, కొండరెడ్లను, గోండులను ఫోటోలు తీశాడు. ఆయన మన మేలు కోరినవాడే. మార్లవాయిలో 1943లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలు పెట్టించినవాడు. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినప్పుడు ఆ మార్లవాయి మాట విని గర్వపడ్డాం. ఆ ఫోటోలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. అవి ఉండటం మన అదృష్టం. కానీ మన తాతముత్తాతల ముఖాలు చూడాలంటే మనం లండన్ వైపు చూడాలి. ఇప్పుడు తీసే ఫోటోల విషయంలో అలా కాకుండా, అచ్చయిన ప్రతిదీ రెండు కాపీలు గూడేనికి పంపాలని ఎనిమిదో షరతు పెట్టాం. ఒకటి తీసినవారికి, ఒకటి బడికి.

షరతు మనకు కొత్త కాదు

ఈ కాగితం చూసి ఒక మాస్టారు "ఇవన్నీ పట్నపోళ్ల పద్ధతులు, మనవాళ్లకు ఎందుకు" అన్నారు. మాకు అలా అనిపించలేదు. కొత్తల పండుగ చేయకుండా కొత్త చిక్కుడుకాయ, కొత్త మామిడికాయ మన పెద్దలు నోట పెట్టరు. చెట్టు మనదే, కాయ మనదే, అయినా ముందు అనుమతి. డోలి కోయలు మన గోత్రాల కథ చెప్పే పడిగెను ఎప్పుడు పడితే అప్పుడు విప్పి చూపరు. దానికి వేళ ఉంది, పద్ధతి ఉంది, విప్పే మనిషి ఉన్నాడు. సమ్మక్క తల్లిని తెచ్చేటప్పుడు చిలుకలగుట్ట మీద జరిగేది వడ్డెలకే తెలుసు. లక్షల మంది కింద ఎదురు చూస్తారు తప్ప పైకి పోరు. చూడాల్సింది ఏది, చూడకూడనిది ఏది, ఎవరు చూపాలి అన్నది తరతరాలుగా రాసుకోకుండానే పాటించినవాళ్లం. ఇప్పుడు రాసుకుంటున్నాం, అంతే తేడా.

చట్టంలో కూడా దీనికి చోటు ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం 3వ సెక్షన్‌లో జీవవైవిధ్యానికి, సంస్కృతికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి ఉమ్మడిగా మేధో హక్కు ఉందని రాశారు. ఒక మొక్క ఫోటో తీసి కింద "దీని వేరు ఫలానా జబ్బుకు" అని రాస్తే, ఫోటో తీసినవాడిదే అయినా ఆ ఎరుక గూడెం అందరిది. అలాంటి రాత బయటికి పోయే ముందు గ్రామసభలో మాట్లాడాలి. వేలుపుల ఫోటోలు, పడిగెల ఫోటోలు కూడా అంతే. వాటి మీద సంతకం పెట్టే అధికారం ఒక్క కుర్రాడికి లేదు.

మన వైపు నుంచి పాటించాల్సినవీ ఉన్నాయి. సొంత చేను దగ్గర ఫోటో తీయడం వేరు, కెమెరా పట్టుకొని ఫోటోల కోసమే ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాల్లోకి పోవడం వేరు. 1972 వన్యప్రాణి చట్టం 28వ సెక్షన్ కింద దానికి అనుమతి కావాలి. ఆవాసానికి, జంతువులకు హాని కలగకూడదని 2022 సవరణ స్పష్టంగా చెప్పింది. ఇంకొకరి ఫోటోను మన పేరుతో పెట్టుకోవడం మన పిల్లల్లోనూ ఉంది. మనం అడిగే మర్యాద మనమూ ఇవ్వాలి.

బడిలో, గ్రామసభలో

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. తెలుగు క్లాసులో ఉత్తరం రాయడం నేర్పుతాం. సెలవు కోసం ప్రధానోపాధ్యాయునికి ఉత్తరం చాలాసార్లు రాయించాం. ఈసారి ఫోటో ఇస్తూ రాసే ఉత్తరం రాయించండి. మా పిల్లలతో రాయించిన నమూనా ఇది:

"నేను తీసిన ఈ ఒక్క ఫోటోను మీరు అడిగిన పోస్టరు కోసం మాత్రమే, ఒక ఏడాది పాటు వాడుకోవడానికి ఒప్పుకుంటున్నాను. ఫోటో మీద హక్కు నాదే. ఫోటో కింద నా పేరు వేయాలి. వేరే ఎవరికీ ఇవ్వకూడదు, అమ్మకూడదు. అర్థం మారేలా కత్తిరించకూడదు, ఏమీ చేర్చకూడదు. స్థలం వివరాలు వేయకూడదు. ఫోటో కింద రాసేది ముందుగా నాకు పంపి ఒప్పుకోలు తీసుకోవాలి. ఇందులో ఉన్న మనుషుల అనుమతి విడిగా తీసుకోవాలి. మా గూడేనికి, మా హక్కులకు వ్యతిరేకంగా వాడకూడదు. అచ్చయ్యాక రెండు కాపీలు పంపాలి. ఈ మాటలు తప్పితే అనుమతి అక్కడితో రద్దవుతుంది."

కింద ఇద్దరి సంతకాలు, తేదీ. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలైతే అమ్మో నాయనో సంతకం పెట్టాలి. కాగితం లేని చోట ఇవే మాటలు వాట్సాప్‌లో పంపి, "ఒప్పుకుంటున్నాం" అని వాళ్లతో రాయించుకోండి. ఆ మెసేజ్‌ను చెరిపేయొద్దు. ఫోటో ఇచ్చినప్పుడు అసలు ఫైలు దాచుకొని చిన్న సైజు కాపీ పంపండి. తీసిన తేదీ, చోటు, కనిపించింది ఏమిటో ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. రేపు ఎవరైనా "ఇది నీదేనా" అంటే ఆ నోటుబుక్కు మాట్లాడుతుంది.

షరతులు పెడితే ఎవరూ అడగరేమో అని పిల్లలు భయపడతారు. మా అబ్బాయిని తర్వాత ముగ్గురు అడిగారు. ఒకరు కాగితం చూసి మళ్లీ ఫోన్ చేయలేదు. ఒకరు అన్నిటికీ ఒప్పుకున్నారు. మూడోవాళ్లు ఏడాది చాలదు, మూడేళ్లు కావాలన్నారు. నిజంగా పనిచేసేవాళ్లే అని కనుక్కొని రెండేళ్లకు ఇచ్చాడు. ఆ బేరం చేసింది వాడే, మేము పక్కన కూర్చున్నాం.

ఇక మిగిలింది గ్రామసభ పని. వేలుపులు, మందుమొక్కలు, గూడెం మనుషులు ఉన్న ఫోటోలు బయటి సంస్థలకు ఏ పద్ధతిలో ఇవ్వాలో ఒక తీర్మానం రాసి పుస్తకంలో ఎక్కించండి. రాసే పని చదువుకున్న కుర్రాళ్లు, మాస్టార్లు చేయాలి. ఏం రాయాలో పెద్దలను అడగాలి. వచ్చే గ్రామసభ తేదీ కనుక్కొని, ఈ నమూనా ఉత్తరం ఒక కాపీ తీసుకొని పోండి.